అమ్మ కంచంలో కొవ్వు

మాదాపూర్ ఆఫీసు కెఫెటీరియాల్లో పొద్దున తొమ్మిదిన్నరకు ఆమ్లెట్ కౌంటర్ దగ్గర తరచూ వినబడే మాట ఒకటుంది: "భయ్యా, ఓన్లీ వైట్". వంటతను అలవాటైన చేత్తో గుడ్డు పగలగొట్టి, తెల్లసొనను గిన్నెలోకి జార్చి, పచ్చసొనను పక్కనున్న డబ్బాలోకి తోసేస్తాడు. లావెక్కుతామన్న భయమో, జిమ్ కోచ్ సలహానో, ఎప్పటిదో కొలెస్ట్రాల్ బెదురో, మొత్తానికి పచ్చసొన పరాయిదైపోయింది. నెల తప్పాక, అలా అడిగిన అమ్మాయే స్కానింగ్‌కు వెళ్లివస్తూ మందుల షాపులో ఐరన్, కాల్షియం మాత్రలతోపాటు డీహెచ్ఏ మాత్రల డబ్బా కూడా కొంటుంది. బిడ్డ మెదడు చక్కగా ఎదగాలన్నది ఆమె ఆశ. మాత్రలో ఉన్న డీహెచ్ఏ అనే ఆ కొవ్వు, పొద్దున డబ్బాలో పడ్డ పచ్చసొనలోనూ కొంత ఉంది. మెదడు ఎదుగుదలకు అవసరమైన కోలిన్ అనే మరో పోషకమూ అందులోనే ఉంది. ఒక చేత్తో పారేసి, ఇంకో చేత్తో కొనుక్కుంటున్నాం.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి కాదు ఈ ప్రస్తావన. కొవ్వు అనగానే నడుం చుట్టూ పేరుకునేదే అందరికీ గుర్తొస్తుంది గానీ తలలో ఉన్నది గుర్తు రాదు. నీటిని మినహాయించి తూస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థాలే. ఒకప్పుడు శాస్త్రవేత్తలు సైతం కొవ్వును ఒంట్లో మండే ఇంధనంగానే లెక్కగట్టారు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి ఎలుకలను పెంచారు. వాటి చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల కుంటుపడింది. కొన్ని కొవ్వు ఆమ్లాలను ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదనీ, అవి తిండిలోంచే రావాలనీ అలా తేలింది. ఇలాంటి అత్యవసర కొవ్వు ఆమ్లాలు ముఖ్యంగా రెండు. ఒకటి ఒమేగా-6 కుటుంబానికి చెందిన లినోలిక్ ఆమ్లం, రెండోది ఒమేగా-3 కుటుంబానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఈ రెండోదాని నుంచే ఒళ్లు కొద్దికొద్దిగా డీహెచ్ఏ తయారుచేసుకుంటుంది. నాడీకణాల పొరల్లోనూ కంటి రెటీనాలోనూ ఒదిగి, కణానికీ కణానికీ మధ్య సంకేతాలు సాఫీగా సాగేలా చూసేది ఆ డీహెచ్ఏనే.

కడుపులో బిడ్డ మెదడు వేగంగా పెరిగేది చివరి మూడు నెలల్లో. అప్పుడు మాయ ఊరికే కూర్చోదు. తల్లి రక్తంలో తిరిగే రకరకాల కొవ్వు ఆమ్లాల్లోంచి డీహెచ్ఏను ఏరి మరీ బిడ్డకు అందిస్తుంది. తల్లి తిండిలో అది తక్కువైతే ఆమె ఒంట్లోని నిల్వల్లోంచి లాగుతుంది. కాన్పు తర్వాత ఆ పని చనుబాలది. పుట్టినప్పుడు 350, 400 గ్రాముల మధ్య ఉండే మెదడు మొదటి పుట్టినరోజుకల్లా రెండింతలు దాటుతుంది. చనుబాలలో మొత్తం కొవ్వు తల్లి ఏం తిన్నా పెద్దగా మారకపోవచ్చు గానీ, అందులో డీహెచ్ఏ ఎంతన్నది మాత్రం ఆమె కంచాన్ని బట్టే ఉంటుంది.

మరి మన కంచంలో ఏముంది? తెలుగిళ్లలో మూడు నాలుగు దశాబ్దాలుగా పొద్దుతిరుగుడు నూనెదే రాజ్యం. యుక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో ప్యాకెట్ ధర ఎగబాకితే వంటింట్లో ఎంత గగ్గోలు పుట్టిందో ఎవరూ మరచిపోలేదు. ఈ నూనెలో ఒమేగా-6 దండిగా ఉంటుంది. ఒమేగా-3 మాత్రం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పల్లీనూనెలోనూ నువ్వుల నూనెలోనూ ఒమేగా-3 దాదాపు లేనట్టే. ఇప్పుడు కొండాపూర్‌లో, నల్లగండ్లలో వెలసిన గానుగ దుకాణాల్లో లీటరుకు రెట్టింపు ధర పెట్టి కొన్నా ఈ లెక్క మారదు. గానుగ వాసనను, రుచిని నిలుపుతుంది గానీ గింజలో లేని ఆమ్లాన్ని పుట్టించలేదు. సోయా నూనెలో సుమారు 7 శాతం, ఆవనూనెలో 10 శాతం దాకా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. అవిసె నూనెలో అయితే సగానికి పైగా అదే. ఇందులో ఇంకో చిక్కుంది. ఒమేగా-6, ఒమేగా-3 రెండూ ఒంట్లో మారాలంటే ఒకే ఎంజైము చేతిలో పడాలి. ఊళ్లో ఉన్న ఒక్క పిండిమర ముందు ఒకరివే పది బస్తాలు వరుసగా ఉంటే, వెనక చిన్న సంచితో నిలబడ్డ వాళ్ల వంతు ఎప్పటికో గాని రాదు. అసలే మొక్కల ఒమేగా-3 డీహెచ్ఏగా మారేది చాలా కొద్ది. ఆ కొద్దికీ ఈ ఆటంకం. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో ఈ మార్పిడి మగవాళ్లకంటే కాస్త మెరుగ్గా సాగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రకృతి తన వంతు సాయం చేసిందన్నమాట.

మన వంతు సాయం కూకట్‌పల్లి రైతుబజారులోనే దొరుకుతుంది. ఎర్రటి కాడలు, బొద్దుగా నిగనిగలాడే చిన్నచిన్న ఆకులతో కుప్ప పోసి అమ్మే గంగవాయిలి కూరను తెలంగాణ ఇళ్లలో పప్పులో వేస్తారు, కోస్తాలో పాయల కూర అంటారు. పొలంలో కలుపుగా పీకి గట్టున పారేసే ఈ మొక్క ఆకుల్లో, ఆకుకూరల్లో అరుదైన మోతాదులో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంది. 100 గ్రాముల పచ్చి ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాములని అమెరికా పరిశోధకులు 1990ల తొలినాళ్లలో లెక్కతేల్చారు. దీనికి తోడు అవిసె గింజల పొడి, అక్రోట్లు, రాజ్మా. శాకాహారికి ఇంతకన్నా నేరుగా డీహెచ్ఏ కావాలంటే సముద్రపు సూక్ష్మ నాచు నుంచి తీసినది ఉంది. చేపకైనా మొదట అది నాచు నుంచే వస్తుంది.

చేపలు తినే ఇళ్లకు దారి మరింత దగ్గర. కవ్వలు, కానాగంతలు, నెత్తళ్లు వంటి చిన్న సముద్రపు చేపల్లో డీహెచ్ఏ సమృద్ధి. ధరలో వంజరానికీ చందువాకూ దూరంగా ఉండి, బీదవాళ్ల చేపలుగా పేరుపడ్డవే ఈ విషయంలో ముందున్నాయి. కోస్తాలో బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టడం ఆనవాయితీ. ఆ ప్రేమను కాదనలేం గానీ, సొర పెద్ద చేప. చిన్న చేపల్ని తిని తిని తన ఒంట్లో పాదరసం పోగేసుకుంటుంది. గర్భిణులు, బాలింతలు సొర జోలికి పోవద్దని వైద్య సంస్థలు చెప్పేది అందుకే. మన పెద్దల పథ్యంలో సున్నుండలు, చిమ్మిలి, వెల్లుల్లి కారంలో నెయ్యి వంటి మేలైనవి చాలా ఉన్నాయి. అలాగని తరతరాలుగా వస్తున్నదంతా పరీక్షకు నిలుస్తుందనీ చెప్పలేం.

ఈ పరీక్షలు చేసే ఇల్లు మన నగరంలోనే ఉంది. 1918లో కూనూరులో డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద విచారణగా మొదలుపెట్టిన పరిశోధనశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలోని ఆ ఆవరణలో డాక్టర్ గఫూరున్నీసా దశాబ్దాల పాటు మన భారతీయ తిండిలో కొవ్వుల సంగతే తేల్చే పనిలో గడిపారు. కంటికి కనబడే నూనె, నెయ్యి మాత్రమే కాక బియ్యం, పప్పులు, ఆకుకూరల్లో కనబడకుండా దాగిన కొవ్వునూ లెక్కలోకి తీసుకోవాలనీ, ఒకే నూనెను పట్టుకుని వేలాడకుండా నూనెలు మార్చి, కలిపి వాడాలనీ ఆమె చెబుతూ వచ్చారు. డాల్డా రకం ట్రాన్స్ కొవ్వులు ఎలుకల్లో ఇన్సులిన్ పనితీరును ఎలా దెబ్బతీస్తాయో ఆమె బృందం 2005లోనే చూపింది. మన దేశంలో వంటనూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి కట్టడి చేసిన నిబంధన 2022లో గాని అమలుకు రాలేదు. ఈ ట్రాన్స్ కొవ్వులు మాయను దాటి బిడ్డకు చేరతాయి, చనుబాలలోకీ వస్తాయి.

ఒళ్లు అలిసే పని లేని స్త్రీకి రోజుకు 20 గ్రాముల నూనె, నెయ్యి చాలనీ, గర్భిణికి, బాలింతకు 30 గ్రాములు కావాలనీ జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. అదనం పది గ్రాములే, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు. "ఇద్దరి తిండి తినాలే తల్లీ" అని ఫోన్లో అమ్మ ఎంత బతిమాలినా, గర్భిణికి అదనంగా కావలసింది రోజుకు 350 కిలోక్యాలరీలే. ఎంత తిన్నామన్నదానికన్నా ఏది తిన్నామన్నదానికే విలువ ఎక్కువ. గర్భిణులు, బాలింతలు రోజుకు కనీసం 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ తీసుకోవాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణుల సంఘం 2010లో సూచించింది. మామూలు కోడిగుడ్డు ఒకటి 20 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా ఇస్తుంది, అదీ పచ్చసొన తింటేనే.

ఇంత చెప్పాక, మాత్ర మింగితే బిడ్డ మేధావి అవుతాడా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు అంత భరోసా ఇవ్వడం లేదు. ఆస్ట్రేలియాలో 2,399 మంది గర్భిణులతో జరిపిన పరీక్షలో రోజుకు 800 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఇచ్చారు. పిల్లల తెలివితేటల్లో, మాటల్లో తేడా కనబడలేదని 2010లో ప్రకటించారు. మనకు పొరుగునే, కర్ణాటకలోని బెళగావిలో గర్భిణులకు రోజుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఏడాది నిండిన పిల్లల ఎదుగుదల సూచీలో అక్కడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరోవైపు, 70 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2018 నాటి కొక్రేన్ సమీక్షలో ఒమేగా-3 తీసుకున్నవారికి నెలలు నిండని కాన్పులు తగ్గినట్టు కనబడింది. నెలలు నిండి పుట్టడమే మెదడుకు పెద్ద మేలు కాబట్టి అది తక్కువ సంగతేమీ కాదు. ఇంకోవైపు ఇంగ్లండ్‌లో 11 వేల మందికి పైగా గర్భిణులను గమనించిన అధ్యయనం 2007లో వెలువడింది. వారానికి 340 గ్రాములకన్నా తక్కువ చేపలు తిన్న తల్లుల పిల్లలకే మాటల తెలివిలో వెనకబడే ముప్పు ఎక్కువని అందులో తేలింది. చేప తిన్నవారికి మేలు కనబడి, మాత్ర మింగినవారికి కనబడకపోవడానికి కారణం ఆలోచిస్తే తోస్తుంది. చేప వచ్చేటప్పుడు మాంసకృత్తులు, అయోడిన్, సెలీనియం, డి విటమిన్ వెంటబెట్టుకుని వస్తుంది. చేప తినే ఇంటి చదువు, రాబడి, తీరిక కూడా ఆ లెక్కల్లో ఎంతో కొంత కలిసే ఉంటాయి. ఒక్క కొవ్వు ఆమ్లాన్ని విడదీసి గొట్టం మాత్రలో పోసి, దానికి బిడ్డ భవిష్యత్తంతా అంటగట్టడం వ్యాపారానికి చెల్లుతుందేమో గానీ శాస్త్రానికి చెల్లదు. నిల్వలు బొత్తిగా లేని తల్లికి, చేపా గుడ్డూ ముట్టని తల్లికి డాక్టరు మాత్ర రాస్తే అది సబబే.

ఐటీ కారిడార్‌లో అసలు గుబులు వేరే ఉంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులపై జాతీయ పోషకాహార సంస్థ చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. మధుమేహం, గుండెజబ్బులకు దారితీసే సూచికలు మూడు గానీ అంతకుమించి గానీ ఉన్నవారు దాదాపు సగం మంది, అంటే 46 శాతం. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అక్కడి ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితం ఇంకా కలవరపెట్టింది. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందిది స్థూలకాయం. వీళ్లు గర్భిణులు కారు. కానీ రేపటి తల్లులూ తండ్రులూ ఈ బల్లల దగ్గరే గంటల తరబడి కూర్చుంటున్నారు, ఈ కెఫెటీరియాల్లోనే తింటున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు రాయదుర్గంలో ఏ టవర్ ఫుడ్ కోర్టులో నిలబడినా ఈ లెక్కలకు మూలం కంటికి కనబడుతుంది. నూనె తేలే పనీర్ మసాలా, వేపుడన్నం, మంచూరియా, పక్కన చిప్స్ ప్యాకెట్. బాణలిలో నూనె పొద్దుటి నుంచీ మరుగుతూనే ఉంటుంది. మరిగి మరిగి పాడైన నూనెలో పుట్టే పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని ఆహార భద్రత నిబంధన 2018 నుంచీ ఉంది. ఏ బాణలి దగ్గరైనా దాన్ని కొలిచేదెవరు? చిత్రమేమంటే ఈ కంచంలో కొవ్వుకు కొదవలేదు, మెదడు కోరే కొవ్వుకే కొదవ. తల్లికి విపరీతమైన కొవ్వు తిండి పెడితే పిల్లల మెదడు ఏమవుతుందన్నది జంతువుల్లో చూశారు. అమెరికాలోని ఒరెగాన్‌లో కోతుల మీద జరిపిన పరిశోధన 2010లో వెలువడింది. అలాంటి తల్లుల పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, బెదురు ఎక్కువైంది. మెదడులో సెరటోనిన్ వ్యవస్థ తీరు మారింది. కోతి కథ మనిషికి అచ్చంగా అన్వయించలేం. అయినా "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్న మన సామెత గర్భానికీ వర్తిస్తుందేమోనన్న అనుమానానికి అది బలం చేకూర్చింది.

అదే టవర్‌లో ఇంకో గర్భిణి కూడా ఉంటుంది. నీలం చీర మీద కోటు తొడుక్కుని పద్నాలుగో అంతస్తులో అద్దాలు తుడిచే ఆమె పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, సరిహద్దు దాటి ఒడిశా నుంచో వచ్చింది. ఆమె టిఫిన్ డబ్బాలో అన్నం, పచ్చిపులుసు, ఒక్కోరోజు పప్పు. నూనె ఆ పది గ్రాములు ఎక్కువ పడటం మాట దేవుడెరుగు, అసలు మోతాదుకే కరువు. ఇలాంటి తల్లుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆరోగ్యలక్ష్మి పథకం పెట్టింది. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట వేడి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 2022 డిసెంబరులో తొమ్మిది జిల్లాల్లో మొదలుపెట్టిన పోషకాహార కిట్‌లో ఖర్జూరాలు, ఐరన్ సిరప్‌తోపాటు అర కిలో నెయ్యీ చేర్చారు. ప్రభుత్వం కంచంలో గుడ్డు మొత్తం గుడ్డే, సొన వేరు చేయడం ఉండదు. కానీ అంగన్‌వాడీ భోజనం వేళ ఆమె షిఫ్టు మధ్యలో పడుతుంది. వచ్చిన కొత్తలో తన బస్తీకి దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో చెప్పేవారూ ఉండరు. ఒకే లిఫ్టులో ఎక్కే ఇద్దరు తల్లుల్లో ఒకరిని కొవ్వు భయం, మరొకరిని కొవ్వు కరువు పట్టి పీడిస్తున్నాయి. ఇద్దరి కడుపులోని బిడ్డలకూ కావలసింది ఒకటే.

ఇలాంటి విషయాలు రాసినప్పుడల్లా భారమంతా తల్లి నెత్తిన పడుతుంది. నువ్వు అది తినలేదు, ఇది మానలేదు, అందుకే పిల్లాడు ఇలా అనే ఆరా పుట్టింటా మెట్టినింటా మొదలవుతుంది. అది అన్యాయం. అమెరికా వేళలకు రాత్రి పదింటికి మీటింగ్ పెట్టిన మేనేజరు, పదకొండింటికి యాప్‌లో బిర్యానీ తప్ప ఇంకేమీ దొరకనివ్వని నగరం, వేవిళ్లతో వాంతులవుతుంటే సెలవు అడగడానికి జంకే వాతావరణం, వంటింట్లోకి తొంగిచూడని భర్త, వీళ్లందరికీ ఆ కంచంలో వాటా ఉంది. తండ్రి గంగవాయిలి కూర తెచ్చి పప్పు పొయ్యి మీద పెడితే అదే బిడ్డకు చేసిన మొదటి సేవ. 2017 సవరణతో చట్టం ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. 50 మందో అంతకుమించో పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్లి రావచ్చనీ అంది. 26 వారాలూ కాన్పు తర్వాతే వాడుకుంటే, చనుబాలు తప్ప మరేదీ పెట్టవద్దని డాక్టర్లు చెప్పే ఆరు నెలలకు సరిగ్గా సరిపోతుంది. బిడ్డ మెదడు వేగంగా పెరిగేది ఆ తర్వాత కూడా. అందుకే పిల్లల సంరక్షణ గది కాగితం మీద ఉంటే చాలదు. తల్లి సీటుకు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. ఏజెన్సీ ద్వారా వచ్చిన అద్దాలు తుడిచే అమ్మకూ దాని తలుపు తెరుచుకోవాలి.

కంపెనీలు తమ క్యాంటీన్ కాంట్రాక్టులో ఏసీ, పరిశుభ్రత, వడ్డన వేగం గురించి పేజీల కొద్దీ షరతులు రాస్తాయి. ఏ నూనె, ఎన్నిసార్లు మరిగింది అన్నది కూడా ఒక షరతు కావచ్చు. వారంలో రెండు రోజులు ఆకుకూర పప్పు, ఒక రోజు చిన్న చేపల పులుసు పెట్టడానికి వంటతనికి కొత్త విద్య నేర్పనక్కర్లేదు. గర్భిణి అయిన ఉద్యోగిని క్యాలెండర్‌లో ఒంటిగంట నుంచి రెండింటి వరకూ ఎవరూ మీటింగ్ పెట్టకూడదని ఒక నియమం చేస్తే కంపెనీకి ఖర్చయ్యేది ఏమీ ఉండదు. టవర్ల మధ్య, అక్కడ పనిచేసే తల్లుల షిఫ్టులకు సరిపడే వేళల్లో తెరిచే అంగన్‌వాడీ ఒకటి నడపడానికి ప్రభుత్వం, కంపెనీలు చేయి కలపవచ్చు.

తార్నాకలో దశాబ్దాలుగా రాసిపెట్టిన సలహాను మాదాపూర్ కంచం దాకా తేవడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు. కాంట్రాక్టులో రెండు షరతులు, మధ్యాహ్నం ఒక గంట తీరిక, నడిచి వెళ్లేంత దూరంలో ఒక అంగన్‌వాడీ ఉంటే పని మొదలవుతుంది. ఇవి కుదిరాక, మాత్ర కావాలా వద్దా అన్న సంగతి తల్లీ డాక్టరూ కూర్చుని తేల్చుకుంటారు.